అట్ట మీద టైపు

జనగామ,
ఫిబ్రవరి 1983

తుల్సీ,

నువ్వు భూపాలపల్లిలో ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నీ ఉత్తరాలు పొట్టివైపోయాయి. నావి మాత్రం పొడుగే. ఈసారి ఇంకా పొడుగు, ఎందుకంటే నీ సలహా కావాలి.

మన టైపు మిషను ముసలిదైపోయింది. 'మన' అని ఎందుకంటున్నానో నీకు తెలుసు. అరవై తొమ్మిదిలో ఉద్యమం వచ్చి బళ్లు మూతపడ్డప్పుడు నేను మా మేనమామ ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ ఉన్నాను. హాస్టలు దాదాపు ఖాళీ అయినా నువ్వు తండాకు వెళ్లకుండా ఉండిపోయావు. వెంకట్రాజం సారు తన ఇన్‌స్టిట్యూట్ షట్టరు సగం దించి మనిద్దరికీ ఇంగ్లీషు టైపు నేర్పింది దీని మీదే కదా. సారు ఊరు విడిచిపెడుతుంటే మా మామ దీన్ని కొని ఇంటికి తెచ్చాడు. తర్వాత ఆ ఇంటికే నేను కోడలినయ్యాను. మిషను నాకంటే ముందే అత్తారింటికొచ్చిందని రాజేశం ఇప్పటికీ నవ్విస్తాడు.

అప్పటి నుంచి మా కిరాణా కొట్టు పక్క వరండాలో కూర్చుని ఊరందరి దరఖాస్తులూ కొడుతున్నాను. ఇప్పుడు మిషను పైన కాగితంతో జరిగే బండిని లాగే పట్టీ తెగిపోతే దాని బదులు లంగా నాడా కట్టాను. నమ్ము, నడుస్తోంది. కానీ మూడు లైన్లకొకసారి నాడా సర్దాలి. రోలరు గట్టిపడి కాగితం జారుతోంది. అదీగాక ఇప్పుడు ఆఫీసుల్లో దరఖాస్తులు తెలుగులో ఇవ్వమంటున్నారట. నా దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు.

మానుకోటలో మా గోపాల్ అన్నకు తెలిసిన ఏజెంటు ఒకాయన తెలుగు టైపు మిషన్లు అమ్ముతున్నాడట. పాతది ఇచ్చేస్తే కొత్తది కొంత తగ్గించి ఇస్తాడట. రాజేశం తేల్చుకోమంటున్నాడు. "రిపేరు చేయించుడా, మార్చుడా, నువ్వే చెప్పు. నాడాల మీద యాపారం నడవది" అంటాడు. అత్త మాత్రం మార్చొద్దంటుంది. "గా టకటక వినకుంటే నాకు మధ్యాన్నం కన్నంటుకోదు బిడ్డా. కొత్తది ఎట్ల మోగుతదో ఏమో!" అని ఆమె బాధ.

నువ్వు రోజూ ఆఫీసులో తెలుగు మిషను మీద పని చేస్తున్నావు. నిజం చెప్పు. ఏం చేయమంటావు?

నీ
రాజమణి


భూపాలపల్లి,
మార్చి 1983

రాజీ,

మార్చెయ్. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

మొన్న కాటారం వైపు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. ఆయన దరఖాస్తు మా ఆఫీసులో నేనే తెలుగులో కొట్టి, సంతకం పెట్టే ముందు చదివి వినిపించాను. ఆయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని విన్నాడు. అయిపోయాక "గిది నేను మాట్లాడినట్టే ఉన్నది" అన్నాడు. నేను ఇంగ్లీషులో కొట్టిన పదేళ్లలో నన్ను ఎవరూ అలా మెచ్చుకోలేదు.

నాకు ఇంకొక అనుమానం కూడా ఉంది. నీకు ఆ మిషను మీద ప్రేమ సరే. మళ్లీ మొదటి పాఠం నుంచి నేర్చుకోవాలంటే భయమేమో! తెలుగు మీటలు వేరే. వత్తు కొడితే బండి కదలదు. మొదట్లో నేను 'అమ్మ' అని కొట్టబోతే 'అమమ' అని వచ్చేది. నవ్వుకున్నాను. నువ్వూ నవ్వుకుంటావు. ఇనుముకు అంత ప్రేమ అవసరం లేదు.

అవునుగానీ, దాని గంట ఇంకా మోగుతోందా? షిఫ్టు మీట పట్టేస్తుందా? ఒక మనిషి ఎత్తుకోగలిగే బరువేనా? మనం చిన్నప్పుడు ఇద్దరం కలిసి ఎత్తితే గానీ లేచేది కాదు. ఊరికే అడుగుతున్నాను.

అత్తకు నా దండాలు చెప్పు. మా ఆయన హీరాలాల్ బస్సు మీదే తిరుగుతున్నాడు. కండక్టరు పెళ్లాన్నయితే ఊళ్లన్నీ తిరగొచ్చు అనుకున్నాను. తిరిగేది ఆయనొక్కడే.

నీ
తుల్సీబాయి


జనగామ,
ఏప్రిల్ 1983

తుల్సీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద అలిగాను. భయమని ఎంత సులువుగా రాసేశావ్! మూడో రోజు అలక పోయింది, ఎందుకంటే అది నిజం. నాకు నిజంగానే భయం. ఇప్పుడు నా వేళ్లకు కళ్లున్నాయి. తెలుగు మిషను ముందు కూర్చుంటే మళ్లీ గుడ్డివైపోతాయి. ఈ వయసులో వరండాలో కూర్చుని 'క, చ, ట, త' కొడుతుంటే కొట్టుకొచ్చినవాళ్లు నవ్వరా?

ఇలా అనుకుంటుండగా వనమాల వచ్చింది. స్టేషను రోడ్డు మీద పూలమ్మే వనమాల నీకు గుర్తుండే ఉంటుంది, మన జడలకు కనకాంబరాలు ఇచ్చేది. వేసవిలో పూలు వాడిపోతున్నాయని మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టాలంది. చెప్పింది విన్నాను, ఎప్పటిలాగే ఇంగ్లీషులో టకటకా కొట్టేశాను. వేలిముద్ర కోసం సిరా డబ్బీ ముందుకు జరిపితే ఆమె వేలు పెట్టలేదు.

"ముందు సదువు బిడ్డా, ఏం రాసినవ్?"

తెలుగులో చెప్పాను. పూలమ్మేవారికి తగిన స్థలం ఇప్పించవలసిందిగా కోరుతున్నామని.

"తగిన జాగ అని ఎందుకు రాసినవ్? గట్లంటే ఊరవతల యాడనో చూపిస్తరు. నేను జాగ అడగలే. నాకు జాగ ఉన్నది. నీడ అడిగిన. నీడ!"

తుల్సీ, నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేను నేర్చుకున్న వాక్యాల్లో 'నీడ' లేదు. 'తగిన స్థలం' ఉంది. మళ్లీ కొట్టి ఇచ్చాను. ఆమె పూల బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయాక ఆలోచించాను. అడగకుండా వేలిముద్ర వేసి వెళ్లినవాళ్లు ఏమేం అడిగారో, నేను ఏమేం రాశానో!

అందుకే మార్చేస్తున్నాను. మే నెలలో మా గోపాల్ అన్న కూతురి పెళ్లికి మానుకోట వెళ్తాం. పాత మిషనూ మాతోనే వస్తుంది. వచ్చేటప్పుడు కొత్తది.

గంట మోగుతోంది. షిఫ్టు పట్టేయదు. బరువు మాత్రం అంతే, నువ్వు వచ్చి ఎత్తి చూసుకో. ఎందుకు అడిగావో చెప్పలేదు.

నీ
రాజమణి


భూపాలపల్లి,
ఏప్రిల్ 1983

రాజీ,

చాలా సంతోషం. మంచి పని చేస్తున్నావు.

ఎందుకు అడిగానంటే ఊరికే. ఎండలు మండిపోతున్నాయి. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది.

ఇచ్చేసేటప్పుడు బాగా తుడిచి, నూనె వేసి ఇవ్వు. అది మనకు తిండి పెట్టింది.

తుల్సీ


మానుకోట,
మే 1983

దొంగ తుల్సీ,

ఈ ఉత్తరం మా అన్న కొట్టులో, బెల్లం బస్తాల మధ్య కూర్చుని రాస్తున్నాను. కోపంతో రాస్తున్నానో సంతోషంతో రాస్తున్నానో నాకే తెలియడం లేదు.

పెళ్లి అయిపోయింది. తెల్లారి రాజేశం, నేను, గోపాల్ అన్న ఏజెంటు దగ్గరికి వెళ్లాం. కొత్త మిషను ఎంత బాగుందనుకున్నావ్! నల్లటి మీటల మీద తెల్లగా మన అక్షరాలు. 'ఱ' కూడా ఉంది. నేను ఒక వేలితో నా పేరు కొట్టుకున్నాను. రాజేశం కాగితం లాగి చూసి మురిసిపోయాడు. పాతదాన్ని మర్నాడు అప్పగిస్తామని చెప్పి వచ్చేశాం.

సాయంత్రం కొట్టులో కూర్చుంటే మీ తమ్ముడు వాల్యా వచ్చాడు. నర్సింహులపేట నుంచి ఉప్పు, బెల్లం కోసం వచ్చాడట. నన్ను చూసి గుర్తుపట్టాడు.

"అక్కా, ఎప్పుడొచ్చినవ్? ఏంది గీ డబ్బా?"

"టైపు మిషను. మార్చుతున్నం. పాతది రేపు ఈడ ఇచ్చేసి పోతం."

"గిదేనా మా అక్క నేర్చుకున్నది? ఇచ్చేస్తున్నరని మా అక్కకు ఎరికేనా?"

"మీ అక్కనే మార్చుమన్నది."

వాల్యా నా మొహం చూశాడు, మిషను చూశాడు. "మా అక్క గట్ల ఎట్ల చెప్పిందో ఏమో! మొన్న నేను భూపాలపల్లి పోయిన. పొద్దుమూకి ఆఫీసు అయినంక తండకు పోతది. ఆడ ఆడపిల్లలను కూసోబెట్టి అట్ట మీద టైపు నేర్పుతది."

"అట్ట మీదనా?"

"అట్ట మీద మీటలు గీసింది అక్కా. పిల్లలు గాటి మీద వేళ్లు పెట్టి కొడ్తరు. సప్పుడుండది, కాయితం ఉండది. నాకు నవ్వొచ్చింది. ‘నవ్వకురా, వేళ్లకు తొవ్వ ఎరికైతే మిషను ఎన్నడో ఒకనాడు దొరుకుతది’ అన్నది. ఏడాది దాటింది మొదలువెట్టి."

గంట మోగుతోందా, బరువెంత, షిఫ్టు పట్టేస్తుందా... ఊరికే అడిగావా తుల్సీ! నీ పొట్టి ఉత్తరం మళ్లీ తీసి చదువుకున్నాను. 'బాగా తుడిచి, నూనె వేసి ఇవ్వు' అని రాశావే! నువ్వు ఆ మాట రాసేటప్పుడు నీ మొహం ఎలా ఉందో నాకు కనబడింది.

మర్నాడు ఏజెంటును అడిగాను, పాత మిషన్లను ఏం చేస్తారని. "ఏం చేస్తమమ్మా, ఇప్పి పనికొచ్చే సామాను తీస్కుంటం. మిగిలింది పాత ఇనుపోల్లకు" అన్నాడు. నేను పైకి లేచి మిషను మీద గుడ్డ కప్పేశాను. గోపాల్ అన్న "ఏంది రాజీ?" అంటున్నాడు. నేను రాజేశాన్ని బయటికి పిలిచి అంతా చెప్పాను.

ఆయన వ్యాపారం మనిషి. కాసేపు మీసం దువ్వుకున్నాడు.

"పాతది ఇయ్యకుంటే కొత్తది ఇప్పుడు రాదు. వానకాలం పంట బజారుకొచ్చి, కొట్టుల జర గిరాకీ అయినంకనే."

"రానీ."

"గప్పటిదాక మిషను లేకుంట ఉంటవా? చేతులు కట్టుకొని?"

"ఉంట."

ఇంకాసేపు దువ్వుకున్నాడు. "సరే తియ్. సరుకు అక్కర ఉన్నకాడికి పోవాలె. అక్కర లేనోనికి అమ్మితే గది యాపారం గాదు, దోపిడి. మా బాపు గిదే చెప్పెటోడు." అని తనే మిషను భుజాన ఎత్తుకున్నాడు.

నీకు కబురు పంపుతున్నాను, సలహా అడగడం లేదు. హీరాలాల్ బావకు సెలవు దొరికిన రోజు జనగామకు పంపు. మిషను నీది.

రాజమణి


భూపాలపల్లి,
జూన్ 1983

రాజీ,

వాల్యా నోట్లో నువ్వు గింజ నానదు. వాడికి ఆ రోజే బెల్లం అవసరం రావాలా?

నీకు ఎందుకు చెప్పలేదంటే, అది నీ బతుకుదెరువు. నేను ఒక్క మాట అంటే నువ్వు ఇచ్చేస్తావని నాకు తెలుసు. ఇచ్చేస్తావని తెలిసినవాళ్లను అడగడం లాక్కోవడంతో సమానం. అందుకే మార్చెయ్, మార్చెయ్ అని గట్టిగా రాశాను. గట్టిగా రాస్తే నాకు కూడా ఆశ చస్తుందనుకున్నాను.

ఇప్పుడు నా పిల్లల గురించి చెప్పనీ. మా అత్తగారి తండా భూపాలపల్లికి దగ్గరే. అక్కడ చంద్రి అని ఒక పిల్ల ఉంది. వాళ్ల నాయిన టీక్యా బొంబాయిలో మేస్త్రీల కింద పని చేస్తున్నాడు. అమ్మ లేదు, నాయినమ్మ సుక్కి పెంచుతోంది. ఒకరోజు చంద్రి మా ఆఫీసుకొచ్చి కిటికీలోంచి నన్ను చూస్తూ నిలబడింది. బయటికి వస్తే అడిగింది: "నువ్వు చూడకుంట ఎట్ల కొడ్తున్నవ్? నీ వేళ్లకు ఎట్ల ఎరికైంది?" అదే ప్రశ్న నేను వెంకట్రాజం సారును అడిగానని గుర్తొచ్చింది.

మిషను లేదు. సబ్బుల అట్టపెట్టె చింపి, దాని మీద మీటలు గీశాను. చంద్రి వచ్చింది, తర్వాత దాని స్నేహితురాలు రుక్కి వచ్చింది, ఇంకో ఇద్దరు వచ్చారు. నేను ఇంగ్లీషు అక్షరం పేరు పిలుస్తాను, వాళ్లు అట్ట మీద ఆ చోట వేలు ఆనిస్తారు. తప్పు వేలు పెడితే పక్కనున్నది గిల్లుతుంది. అట్టలు మెత్తబడి చిరిగితే కొత్తవి గీస్తాం. ఇన్నాళ్లూ మా బడిలో వినపడే చప్పుళ్లు గిల్లుళ్లవే.

మిషను తీసుకుంటాను రాజీ. వద్దని అబద్ధం చెప్పలేను. కానీ ఒక షరతు. నువ్వు చేతులు కట్టుకుని కూర్చోకూడదు. నా ఆఫీసు మిషను చూసి తెలుగు మీటలన్నీ పెద్ద అట్ట మీద గీశాను. పిల్లలు రంగులు వేశారు, ఏ వేలికి ఏ రంగో. చిటికెన వేలిది ఎరుపు. హీరాలాల్ తెస్తాడు. నీ కొత్త మిషను వచ్చేలోగా నువ్వు కూడా మా బడిలో చేరినట్టే. చూసి కొడితే గిల్లేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి అత్తకు ఆ పని అప్పగించు.

తుల్సీ


జనగామ,
జూలై 1983

తుల్సీ,

హీరాలాల్ బావ వచ్చాడు, భోజనం చేశాడు, మిషను తీసుకెళ్లాడు. ఇప్పటికి నీకు చేరే ఉంటుంది.

అత్త దాన్ని పాత బొంతలో చుట్టింది. పైన పసుపుకుంకుమ పెట్టింది. "ఆడపిల్లను పంపినట్టు పంపుతున్నవేందే" అని రాజేశం నవ్వితే, "పంపుతున్నది గదే మరి. నలుగురాడపిల్లల దగ్గరికి" అంది. బస్సు కదిలి గుంతలో పడినప్పుడు బొంతలోంచి గంట మోగింది. బావ కిటికీలోంచి తల బయటపెట్టి "టికెట్! టికెట్!" అని అరిచాడు. బస్టాండంతా నవ్వింది. నేను ఏడవాలనుకున్నాను, కుదరలేదు.

ఇల్లు చప్పబడింది. అత్త మధ్యాహ్నం పడుకోవడం లేదు. పడుకోకపోగా అట్ట ముందు నాతోపాటు కూర్చుంటోంది. ఆమెకు పురాణం చదవడం వచ్చు కదా, అక్షరాలన్నీ ఎరిగినవే. చెక్కభజన చేసినట్టు అట్ట మీద వేళ్లు కొట్టి "రాజీ, నీ ఉంగరపు వేలు తప్పు పోయింది" అంటుంది. నువ్వు గిల్లమని రాసిన మాట చదివి వినిపించడం నా పొరపాటు. నా మోచెయ్యి కమిలిపోయింది.

కొట్టుకొచ్చినవాళ్లు నవ్వుతారని భయపడ్డాను కదా. నవ్వుతున్నారు. ఒకాయన "ఏంది రాజమ్మా, అట్టతోని ఆటలా?" అన్నాడు. అత్త ఆయనకు జవాబిచ్చింది: "మా కోడలు సదువుకుంటున్నది. పప్పు తీస్కోని పో." ఆ తర్వాత నాకు నవ్వులు వినబడడం మానేశాయి.

వత్తుల దగ్గర ఇంకా తడబడుతున్నాను. కానీ నిన్న 'భూపాలపల్లి' అని కళ్లు మూసుకుని కొట్టాను. సరిగ్గా కొట్టానని అత్త సాక్ష్యం.

పిల్లలు మిషనును చూసి ఏమన్నారు? ఒక్కటీ వదలకుండా రాయి. పొట్టి ఉత్తరం రాస్తే ఊరుకోను.

రాజమణి


భూపాలపల్లి,
ఆగస్టు 1983

రాజీ,

పొడుగ్గానే రాస్తాను.

మిషనును సుక్కి గుడిసె ముందున్న పందిరి కింద పెట్టాం. బొంత విప్పుతుంటే పిల్లలు మీదికొచ్చి మూగారు. చంద్రి ముందు ముట్టుకోలేదు. చుట్టూ తిరిగి చూసింది. తన అట్ట తెచ్చి పక్కన పెట్టి, మీటలన్నీ అదే చోట ఉన్నాయో లేదో సరిచూసుకుంది. "ఉన్నయ్. నువ్వు అబద్ధం చెప్పలే" అంది నాతో!

కాగితం ఎక్కించాను. చంద్రి కూర్చుంది, నడుం నిలబెట్టి, నేను నేర్పినట్టే. నేను పిలిచాను, అది కొట్టింది. వేళ్లు ఒక్కటీ తప్పలేదు. కాగితం మీద మాత్రం ఏమీ లేదు. తెల్లగా ఉంది.

దారిలో మిషను పాడైందేమో అనుకున్నాను. తర్వాత అర్థమైంది. ఏడాదిగా అట్ట మీద ఆనించడం తప్ప నొక్కడం వాళ్లకు తెలియదు! వేళ్లు చీమల్లా నడుస్తున్నాయి గానీ ఇనుప చేతులు లేవడం లేదు. "కొట్టు! రొట్టె పిండి పిసికినట్టు కొట్టు!" అన్నాను. చంద్రి పళ్లు బిగించి కొట్టింది. టక్! నల్లటి అక్షరం లేచి కాగితం మీద పడింది. ఆ చప్పుడుకు చంద్రి కుర్చీలోంచి ఎగిరి వెనక్కి పడింది. రుక్కి దాని మీదుగా దూకి కుర్చీలో కూర్చుంది.

ఆ సాయంత్రం నలుగురూ వంతులు వేసుకుని కొట్టారు. లైను చివర గంట మోగినప్పుడల్లా తండాలో మేకలు తలెత్తి చూశాయి. రోలరు కోసం హీరాలాల్ పాత ట్యూబు ముక్క తొడిగాడు. కాగితం జారడం లేదు. నీ నాడా మాత్రం తీయలేదు. బాగానే లాగుతోంది.

అత్తకు చెప్పు, ఇక్కడ కూడా మధ్యాహ్నం టకటక వింటూ ఒక ముసలమ్మ నిద్రపోవడం నేర్చుకుంటోంది. సుక్కి. కానీ ఆమె ఒక ప్రశ్న అడిగింది. దానికి నాకు ఇంకా జవాబు దొరకలేదు: "గిది ఎవలి మాట మాట్లాడుతది?"

తుల్సీ


జనగామ,
నవంబరు 1983

తుల్సీ,

వచ్చింది! వచ్చి నెలైంది, రాయడానికి తీరిక లేదు. మానుకోట నుంచి రైల్లో, రాజేశం ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చాడని స్టేషను దగ్గర చూసిన వనమాల చెప్పింది.

మొదటి రోజే దరఖాస్తు కొట్టాను. మొదటి రోజే! ఏజెంటు మనిషి నేర్పడానికి వారం ఉంటానని వచ్చి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. "ఎక్కడ నేర్చుకున్నరమ్మా?" అని అడిగాడు. "అట్ట మీద" అన్నాను. ఎగతాళి చేస్తున్నాననుకున్నాడు పాపం.

ఆ మొదటి దరఖాస్తు వనమాలదే. వేసవిలో పెట్టినదానికి జవాబు లేదు. ఈసారి ఒక్కతే రాలేదు, స్టేషను రోడ్డు పూలవాళ్లందరినీ వెంటబెట్టుకొచ్చింది. నేను కొట్టి, వాకిట్లో నిలబడి చదివాను. ఇక చూడు. "నీడ అని ఒక్కపారే రాసినవేంది? ఇంకోపారి రాయి" అని ఒకామె. "పూలు వాడుతున్నయని రాసినవ్. మేము వాడుతున్నమని రాయలే" అని ఇంకొకామె. అది విని అందరూ గొల్లుమన్నారు. అత్త నా భుజం మీంచి కాగితం చూసి "మునిసిపాలిటీకి దీర్ఘం లేదు, సరిగ చూడు" అని కేక. మళ్లీ కొట్టాను, మళ్లీ చదివాను. వనమాల వేలు సిరాలో ముంచి, "ఇగ గిది మాది" అని ఒత్తింది.

ఫలితం కూడా చెప్తున్నా, విను. దరఖాస్తు తీసుకెళ్లి ఇచ్చిరాలేదు, అందరూ వెళ్లి అక్కడ గట్టిగా చదివి వినిపించారు. చదివింది రాజేశం. కొట్టు మూసి మరీ వెళ్లాడు. పోయిన వారం స్టేషను రోడ్డు మీద రేకుల పందిరి వేశారు. పెద్దదేమీ కాదు. దాని కింద పూల బుట్టలన్నీ పట్టాయి, వాళ్లూ పట్టారు.

ఇప్పుడు నా వరండాలో మనుషులు వరసలో కూర్చుంటున్నారు. దరఖాస్తు లేనివాళ్లు కూడా వస్తున్నారు, ఊరికే వినడానికి. అత్తకు కొత్త మిషను చప్పుడు నచ్చింది. పాతదానికంటే మెత్తగా ఉంది, పాట లెక్క ఉందంటుంది. మధ్యాహ్నం హాయిగా గురక పెడుతోంది.

సుక్కి అడిగినదానికి జవాబు దొరికిందా?

నీ
రాజమణి


భూపాలపల్లి,
డిసెంబరు 1983

రాజీ,

దొరికింది. నాకు కాదు, చంద్రికి.

మా ఇళ్లలో ఉత్తరం అంటే ఎలా ఉంటుందో నీకు తెలుసు. అమ్మ మా లంబాడీ మాటలో చెప్తుంది. రాసేవాడు దాన్ని తెలుగు చేసి రాస్తాడు. అవతల చదివేవాడు దాన్ని మళ్లీ మా మాట చేసుకుని వింటాడు. మధ్యలో అమ్మ గొంతు ఎక్కడో జారిపోతుంది. మా మాటకు సొంత అక్షరాలు లేవు కాబట్టి అంతేనని నేనూ అనుకుంటూ వచ్చాను.

ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి చంద్రి మిషను ముందుంది, సుక్కి దాని పక్కన పీట మీద. సుక్కి మాట్లాడుతోంది, చంద్రి కొడుతోంది. ఏం కొడుతోందా అని వంగి చూశాను. ఇంగ్లీషు అక్షరాలే. నోటితో చదివితే మా మాట! సుక్కి ఎలా పలికిందో అలాగే, అక్షరం వెంట అక్షరం పేర్చింది. దీన్ని నేను నేర్పలేదు. నాకు తట్టనే లేదు.

అది బొంబాయిలో ఉన్న టీక్యాకు ఉత్తరం. తెలుగులో నీకు చెప్తున్నాను: "మేక ఈనింది. రెండు పిల్లలు. ఒకటి నీ లెక్కనే మొండిది. వేళకు తింటున్నవా? అబద్ధం రాయకు, నాకు తెలుస్తది." అంతే. చంద్రి చదివి వినిపిస్తే సుక్కి రెండు చెంపలూ పట్టుకుంది. "నా మాటనే! ఒక్క తునక తగ్గలే! గాయింత కాయితం మీదికి ఎట్ల పోయినయే?" అని కాగితాన్ని తిప్పి వెనక చూసింది.

పోస్టులో వేశాం. టీక్యా ఏడో తరగతి దాకా చదివాడు, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటాడు. చదవగలడో లేదోనని నేను లోపల్లోపల భయపడ్డాను.

నిన్న జవాబు వచ్చింది. పెన్సిలుతో, వంకర టింకరగా, ఇంగ్లీషు అక్షరాల్లో, మా మాటలో. పనికాడ మన తండాల వాళ్లందరికీ గట్టిగా చదివి వినిపించాడట. ఒకడు "టీక్యా, మీ యాడి వచ్చి కూసున్నట్టే ఉన్నది" అన్నాడట. యాడి అంటే మా మాటలో అమ్మ. చివర రాశాడు: "యాడీ, తింటున్న. మొండిదాన్ని అమ్మకు. ఎండాకాలం వస్త, నేనే మేపుత."

చంద్రి చదివింది. సుక్కి "మల్ల సదువు" అంది. చదివింది. మళ్లీ చదవమంది. మూడోసారి చదువుతుంటే సుక్కికి కోపం వచ్చేసింది. కొడుకు ఎదురుగా ఉన్నట్టే ఆ కాగితంతో పోట్లాడడం మొదలుపెట్టింది. ఎండాకాలం దాకా ఎందుకు, ఇప్పుడు రావడానికి ఏం రోగం, తింటున్నానంటే ఏం తింటున్నావో రాయాలని తెలియదా, ఇంత పొట్టి ఉత్తరమా, అని. తండాలో వాళ్లందరూ చుట్టూ చేరి నవ్వుతున్నారు. ఆమె కళ్లలో నీళ్లు, నోట్లో తిట్లు, మొహం నిండా వెలుగు.

చీకటి పడుతోంది కదా, ఇక రేపు రాద్దామని చంద్రి లేవబోయింది. సుక్కి దాని చెయ్యి పట్టుకుని మిషను ముందుకు లాగింది.

"కూసో. నా మాట ఇంక ఒడవలే."

నీ
తుల్సీబాయి